ఇంటర్నెట్ దారులు: ఎవరి మాట నమ్మాలి?

2021 ఫిబ్రవరి 5న మయన్మార్ సైనిక ప్రభుత్వం ట్విట్టర్‌ను ఆపేయమని ఆ దేశపు టెలికాం సంస్థలను ఆదేశించింది. ఆ రోజే కంపానా అనే సంస్థ, 104.244.42.0తో మొదలయ్యే 256 ట్విట్టర్ అడ్రసులు తన దగ్గరే ఉన్నాయని చాటింపు వేసింది. దేశం లోపలే ఆగవలసిన ఆ చాటింపు సరిహద్దు దాటి బయటి రౌటర్లకూ చేరింది. విన్నవి నమ్మాయి. ఏడాది గడిచింది. 2022 మార్చి 28న, యుక్రెయిన్ యుద్ధం మొదలైన నెల రోజులకు, రష్యాలోని ఆర్‌టీకామ్ సరిగ్గా అవే 256 అడ్రసులను తనవిగా చాటింది. ఈసారి ఆ మాట అంత దూరం పోలేదు. ఈ రెండు ఘటనల నడుమ ట్విట్టర్ ఒక పని చేసి పెట్టుకుంది. ఈ అడ్రసులను చాటే హక్కు ఫలానా నెట్‌వర్క్‌కే ఉందని డిజిటల్ సంతకంతో ఒక పత్రం నమోదు చేసింది. ఆ పత్రాలను సరిచూసే అలవాటున్న పెద్ద నెట్‌వర్కులు రష్యా నుంచి వచ్చిన మాటను పక్కన పడేశాయి.

ఇంటర్నెట్ భద్రత అనగానే పాస్‌వర్డులు, వైరస్‌లు, ఓటీపీ మోసాలు గుర్తుకొస్తాయి. వాటన్నిటికీ అడుగున మరో ప్రశ్న ఉంది. నా ఫోన్ నుంచి బయల్దేరిన ప్యాకెట్‌ను ఎటు పంపాలో రౌటర్‌కు ఎవరు చెప్పారు? చెప్పినవారి మాట నిజమని దానికి ఎలా తెలుసు? ఈ ప్రశ్నకు జవాబులు ఎప్పటినుంచో ఉన్నాయి, గణితం కూడా గట్టిదే. అయినా ప్రపంచం మొత్తం మీద ఇప్పటికీ చాలా భాగం విన్న మాట మీదే నడుస్తోంది. వచ్చిన పరిష్కారాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది. ఒక్కరే మొదలుపెట్టినా ఆ ఒక్కరికి ఎంతో కొంత మేలు చేసినవి నిలిచాయి. అందరూ చేరితేనే ఫలించేవి, ఎంత పకడ్బందీగా ఉన్నా, కాగితం దాటి రాలేదు.

ముందు చిన్న పరిధిలోని రౌటింగ్ సంగతి. ఒకే సంస్థ, ఒకే యాజమాన్యం ఉన్న నెట్‌వర్క్ లోపల రౌటర్లు దారులు నేర్చుకునే పద్ధతులు ప్రధానంగా రెండు. పాతదైన ‘రిప్’లో ప్రతి రౌటరూ తనకు తెలిసిన గమ్యాలు ఎంత దూరంలో ఉన్నాయో ముప్పై సెకన్లకోసారి పొరుగు రౌటర్లకు చెబుతుంది. పొరుగుది ఆ దూరానికి ఒకటి కలిపి తన పొరుగుకు చెబుతుంది. ఒక లింకు తెగిపోతే చిక్కు మొదలవుతుంది. నీ దగ్గర దారి ఉందనుకుని నేను, నా దగ్గర ఉందనుకుని నువ్వు, లేని దారిని ఒకరి నుంచి ఒకరు నేర్చుకుంటూ దూరం పెంచుకుంటూ పోతాం. అందుకే 16 అంటే చేరలేనంత దూరం అని గిరి గీశారు. తర్వాత వచ్చిన ‘ఓఎస్‌పీఎఫ్’లో ప్రతి రౌటరూ తనకు నేరుగా ఉన్న లింకుల సంగతి మాత్రమే చెబుతుంది, కానీ అందరికీ చెబుతుంది. ఆ ముక్కలన్నీ కూర్చి ఎవరికి వారు మొత్తం పటం గీసుకుని, డైక్‌స్ట్రా 1959లో ప్రచురించిన లెక్కతో దగ్గరి దారి తేల్చుకుంటారు. మొదటి పద్ధతిలో విన్నది చెబుతారు, రెండోదానిలో చూసింది చెబుతారు.

చూసింది చెప్పే పద్ధతిలోనూ మాట చెడిపోతే ఏమవుతుందో 1980 అక్టోబరు 27న ఆర్పానెట్ అనుభవించింది. అప్పటి రౌటర్లను ఐఎంపీలు అనేవారు. అవి పంపే ప్రతి సమాచారానికీ ఒక వరుస సంఖ్య ఉండేది, ఏది కొత్తదో తెలియడానికి. ఆరు బిట్ల సంఖ్య కాబట్టి 63 తర్వాత మళ్ళీ సున్నా. కొత్తా పాతా తేల్చే పోలిక కూడా గడియారంలా గుండ్రంగా తిరిగేది. ఒక యంత్రంలో హార్డ్‌వేర్ చెడి బిట్లు రాలిపోవడంతో ఒకే ఐఎంపీ పేరుతో 44, 40, 8 అనే మూడు వరుస సంఖ్యల సమాచారాలు ఒకేసారి చలామణీలోకి వచ్చాయి. ద్విసంఖ్యామానంలో 44 అంటే 101100. ఒక ఒకటి రాలితే 101000, అంటే 40. ఇంకొకటి రాలితే 001000, అంటే 8. గుండ్రటి పోలికలో 40 కన్నా 44 కొత్తది, 44 కన్నా 8 కొత్తది, 8 కన్నా 40 కొత్తది. ప్రతి రౌటరూ ప్రతిదాన్నీ ‘ఇప్పుడే వచ్చిన వార్త’ అనుకుని పొరుగుకు అందిస్తూనే పోయింది. అసలు పని చేయడానికి వాటికి తీరిక లేకపోయింది. కొన్ని గంటలపాటు నెట్‌వర్క్ మొత్తం పడిపోయింది. ఇందులో దొంగ ఎవరూ లేరు. లైన్ మీద పోయేటప్పుడు తప్పులు పట్టే లెక్క ఉంది కానీ, రౌటర్ మెమరీలో ఉండగా చెడిన సమాచారాన్ని పట్టేది లేదు. అంతే.

రాడియా పెర్ల్‌మన్ 1988లో ఎంఐటీకి సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో ఈ ప్రశ్ననే అడుగు దాకా తీసుకెళ్లారు. కొన్ని రౌటర్లు చెడిపోవడమే కాదు, కావాలని అబద్ధమాడినా మిగతా నెట్‌వర్క్ పనిచేయాలంటే ఏం చేయాలి? ప్రతి సమాచారం మీదా చెప్పినవారి డిజిటల్ సంతకం ఉండాలన్నది ఆమె జవాబులో ముఖ్యభాగం. ఒకే యాజమాన్యం కింద ఉన్న నెట్‌వర్క్‌కు ఆ జవాబు దాదాపు సరిపోతుంది. అన్ని రౌటర్ల తాళాలూ ఒకే చేతిలో ఉంటాయి కాబట్టి సంతకాలు, రహస్య కీలు పెట్టుకోవడం నిర్వాహకుడి శ్రద్ధకు సంబంధించిన విషయం. అసలు కష్టం సంస్థకూ సంస్థకూ మధ్య వస్తుంది.

ఇంటర్నెట్ అంటే ఇవాళ 75 వేల పైచిలుకు స్వతంత్ర నెట్‌వర్కుల కూటమి. ఒక్కొక్కదానికీ ఏఎస్ నంబరు అని ఒక సంఖ్య. ఎయిర్‌టెల్‌ది 9498, బీఎస్‌ఎన్‌ఎల్‌ది 9829, జియోది 55836. వీటి మధ్య దారులు చెప్పుకునే భాష బీజీపీ. 1989 జనవరిలో టెక్సస్ రాష్ట్రంలోని ఆస్టిన్‌లో జరిగిన ఇంజినీర్ల సమావేశంలో, సిస్కోకు చెందిన కర్క్ లాహీడ్, ఐబీఎంకు చెందిన యాకొవ్ రెఖ్టర్ భోజనాల వేళ కాగితపు నాప్‌కిన్ల మీద దీని నమూనా రాశారు. ఆ జూన్‌కల్లా అది ప్రామాణిక పత్రంగా వెలువడింది. అప్పటి పద్ధతి ఇంటర్నెట్ పెరుగుదలను మోయలేకపోతోంది, ఏదో ఒకటి వెంటనే కావాలి. వాళ్ళు చేసింది అద్భుతమైన పని. నేటికీ ప్రపంచం దాని నాలుగో రూపం మీదే నడుస్తోంది. కాకపోతే ఎవరు ఏ అడ్రసు తనదన్నా నమ్మడమే దాని స్వభావం. విచిత్రమేమిటంటే అదే 1989లో బెల్ ల్యాబ్స్‌కు చెందిన స్టీవెన్ బెల్లోవిన్, ఇంటర్నెట్ ప్రోటోకాళ్ల భద్రతా లోపాల మీద రాసిన వ్యాసంలో, అబద్ధపు రౌటింగ్ సమాచారంతో ఇతరుల ట్రాఫిక్‌ను ఎలా మళ్లించుకోవచ్చో వివరించారు. రోగం, రోగనిర్ణయం ఒకే ఏడాది పుట్టాయి.

బీజీపీలో రౌటర్ తన పొరుగుకు చెప్పే మాట ఇలా ఉంటుంది: ఈ అడ్రసుల గుంపుకు చేరడానికి నా దగ్గర దారి ఉంది, అది ఫలానా ఏఎస్‌ల మీదుగా పోతుంది. పొరుగుది తన సంఖ్యను ఆ వరుస ముందు చేర్చి తర్వాతి వారికి చెబుతుంది. అంటే రిప్‌లోని విన్న మాట పద్ధతే మళ్ళీ వచ్చింది, దారిలోని పేర్ల వరుస తోడైంది. ఎందుకు ఇలా? తమ లోపలి పటం పోటీదారులకు చూపడం ఏ సంస్థకూ ఇష్టం ఉండదు. పైగా ఇక్కడ దగ్గరి దారి కన్నా డబ్బు ముఖ్యం. చిన్న సంస్థ పెద్ద సంస్థకు డబ్బిచ్చి ట్రాన్సిట్ కొంటుంది. సమానులు పీరింగ్ పేరుతో ఉచితంగా ఇచ్చిపుచ్చుకుంటారు. డబ్బిచ్చే ఖాతాదారు దారులు అందరికీ చెప్పవచ్చు. ప్రొవైడర్ నుంచో, పీర్ నుంచో విన్న దారులు తన ఖాతాదార్లకే చెప్పాలి. ఈ మర్యాదను అందరూ పాటిస్తే, పైన పెత్తనం ఎవరూ లేకున్నా మొత్తం రౌటింగ్ నిలకడగా ఉంటుందని లిక్సిన్ గావో, జెన్నిఫర్ రెక్స్‌ఫర్డ్ 2001లో నిరూపించారు. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా అందంగా కనిపించే ఫలితం అది. స్వప్రయోజనాల కూడలి నుంచి క్రమం ఎలా పుడుతుందో చూపుతుంది. కానీ ఆ నిరూపణ అందరూ నిజమే చెబుతున్నారన్న ఊహ మీద నిలబడింది.

బీజీపీలో ఇంకో నియమం కూడా తెలుసుకోవాలి, ఇతరుల అడ్రసులను తమవిగా చాటే హైజాక్‌లు చాలావరకు దాని చుట్టూనే తిరుగుతాయి. ఒకే అడ్రసుకు రెండు దారులు తెలిస్తే, రౌటర్ చిన్న గుంపును చాటిన దారినే ఎంచుకుంటుంది. 2008లో యూట్యూబ్ 208.65.152.0/22 అని, అంటే 1024 అడ్రసుల గుంపును చాటుతుండేది. ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికాం, దేశంలో యూట్యూబ్‌ను ఆపమన్న ఆదేశాన్ని అమలు చేస్తూ, అందులోని 256 అడ్రసులను 208.65.153.0/24గా చాటింది. హాంకాంగ్‌కు చెందిన పీసీసీడబ్ల్యూ ఆ మాటను సరిచూడకుండా లోకానికి అందించింది. చిన్న గుంపు కాబట్టి లోకమంతా అటే తిరిగింది, యూట్యూబ్ చాలాచోట్ల మాయమైంది. యూట్యూబ్ కూడా అదే 256ను చాటింది, తర్వాత ఇంకా చిన్నవైన 128 చొప్పున రెండు గుంపులు చాటింది. చివరికి పీసీసీడబ్ల్యూ పాకిస్తాన్ మాటలను ఆపేశాకే కుదుటపడింది. రెండు గంటల వ్యవహారం. పదకొండేళ్ల ముందు, 1997 ఏప్రిల్ 25న, ఏఎస్ 7007 నంబరున్న చిన్న అమెరికన్ సంస్థ రౌటర్ ఇంటర్నెట్‌లోని దారులను చిన్న చిన్న గుంపులుగా ముక్కలు చేసి తనవిగా చాటింది. రౌటర్ తీగ పీకేశాక కూడా ఆ అబద్ధాలు కొన్ని గంటలు తిరుగుతూనే ఉన్నాయి. మన దేశం నుంచీ ఇలాంటివి వెళ్ళాయి. 2015 నవంబరు 6న ఎయిర్‌టెల్ నెట్‌వర్క్ దాదాపు 16 వేల గుంపులను, 2021 ఏప్రిల్ 16న వొడాఫోన్ ఐడియా నెట్‌వర్క్ 30 వేలకు పైగా గుంపులను తమవిగా చాటాయి. రెండూ పొరపాట్లే.

పొరపాట్లే అన్న మాట తేలికగా తీసుకోకూడదు. రతుల్ మహాజన్, డేవిడ్ వెదరాల్, టామ్ ఆండర్సన్ 2002లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం రోజుకు 200 నుంచి 1200 గుంపులు ఎవరో ఒకరి తప్పు సెట్టింగ్‌కు గురవుతున్నాయి. కొత్తగా వినిపించే ప్రకటనల్లో నాలుగింట మూడు వంతులు పొరపాట్ల ఫలితమే. వాళ్ళే మరో సంగతీ చెప్పారు: ఇన్ని తప్పుల మధ్య కూడా మామూలు వాడకందారు కనెక్షన్ దెబ్బతినడం తక్కువ. పరిశోధకులకు అది ఊరట కలిగించే ఫలితం. భద్రత కోణంలో మాత్రం అదే చిక్కు, ఎందుకంటే తప్పుల రద్దీలో దొంగతనం తప్పులాగే కనిపిస్తుంది. దొరికినా ‘ఇంజినీర్ వేలు జారింది’ అని చెప్పి బయటపడవచ్చు.

ఇక పరిష్కారాలు. మొదటి వాదం చాలామంది ప్రోగ్రామర్లది. దారిని నమ్మకండి, రెండు చివర్లలో గుప్తలేఖనం పెట్టండి. ప్యాకెట్ ఎవరి చేతుల్లోంచి పోతే ఏం, హెచ్‌టీటీపీఎస్ తాళం ఉంది కదా అంటారు. ఈ వాదంలో బలం ఉంది. బ్యాంకు లావాదేవీలు ఇన్నేళ్లుగా క్షేమంగా సాగుతున్నాయంటే దాని చలవే. 2018 ఏప్రిల్ 24న ఒహాయోలోని ఒక చిన్న ప్రొవైడర్ నెట్‌వర్క్ నుంచి అమెజాన్ డీఎన్‌ఎస్ అడ్రసులను హైజాక్ చేసి, క్రిప్టో వాలెట్ సైటుకు వెళ్ళేవారిని నకిలీ సైటుకు మళ్లించారు. బ్రౌజర్లు సర్టిఫికెట్ సరిగా లేదని హెచ్చరించాయి. కొందరు ఆ హెచ్చరికను దాటి నొక్కేశారు. సుమారు లక్షన్నర డాలర్లు పోయాయి. తాళం తన పని తాను చేసింది, మనుషులే తీశారు అని ఈ వాదం వారు అనవచ్చు.

కానీ ఆ తాళం ఎవరు ఇస్తారు? ఈ సైటు నీదేనని నిరూపించుకో అని సర్టిఫికెట్ సంస్థ అడుగుతుంది, ఆ నిరూపణను ఇంటర్నెట్ ద్వారానే, అదే రౌటింగ్ మీదుగా సరిచూస్తుంది. ప్రిన్స్‌టన్ పరిశోధకులు 2018లో దీన్ని నిజమైన ఇంటర్నెట్ మీద, సొంత అడ్రసులతో చేసి చూపించారు. దారిని కాసేపు మళ్లించుకుంటే సర్టిఫికెట్ సంస్థ దొంగకే సిసలైన సర్టిఫికెట్ ఇస్తుంది. నాలుగేళ్లకు, 2022 ఫిబ్రవరిలో, దక్షిణ కొరియాలో క్లేస్వాప్ అనే క్రిప్టో వేదిక మీద దొంగలు అదే పని చేశారు. వేదిక వాడే ఒక కోడ్ ఫైలును అందించే సర్వర్ దారిని హైజాక్ చేసి, సిసలైన సర్టిఫికెట్ తీసుకుని, మార్చిన ఫైలును అందించారు. ఏ బ్రౌజరూ హెచ్చరించలేదు. దాదాపు 19 లక్షల డాలర్లు పోయాయి. చివరలు భద్రంగా ఉంటే దారి ఎలా ఉన్నా పర్వాలేదన్న వాదం అక్కడితో ఓడినట్టే అని నా అభిప్రాయం. దీనికి విరుగుడుగా లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2020 నుంచి ప్రపంచంలో పలు చోట్ల నుంచి ఒకేసారి సరిచూసే పద్ధతి మొదలుపెట్టింది. 2025లో సర్టిఫికెట్ సంస్థలన్నిటికీ అది తప్పనిసరి అయింది. స్థానికంగా చేసే హైజాక్‌ను అది పట్టుకోగలదు. లోకమంతా నమ్మేసిన హైజాక్‌ను పట్టుకోలేదు.

రెండో వాదం నెట్‌వర్కులు నడిపేవారిది. ఖాతాదారు ఏ అడ్రసులు చాటవచ్చో ముందే జాబితా రాసుకుని, జాబితాలో లేనిది వడకట్టండి అంటారు. 2008లో పీసీసీడబ్ల్యూ ఈ పని చేసి ఉంటే యూట్యూబ్ కథే లేదు. జాబితాలకు ఆధారంగా 1990ల నుంచి రౌటింగ్ రిజిస్ట్రీలు ఉన్నాయి. వాటిలో కొన్నింటిలో ఎవరైనా ఏదైనా రాసుకోవచ్చు, పాత నమోదులు ఏళ్ల తరబడి చెరగకుండా ఉంటాయి. ఇంటర్నెట్ సొసైటీ 2014లో మొదలుపెట్టిన ‘మ్యానర్స్’ అనే ఒడంబడిక ఈ మర్యాదలను రాతలో పెట్టి, సంస్థల చేత స్వచ్ఛందంగా ఒప్పించింది. మంచిదే. అయితే ఫిల్టర్‌లో ఒక అన్యాయం ఉంది. శ్రమ నాది, రక్షణ ఎక్కడో ఉన్న యూట్యూబ్‌ది. మరో ఫిల్టర్‌దీ ఇదే కథ. నకిలీ సోర్స్ అడ్రసుతో బయటికి పోయే ప్యాకెట్లను తమ గుమ్మం దగ్గరే ఆపాలని 2000లోనే ఇంజినీర్లు పత్రం రాసి పెట్టారు. పెద్ద పెద్ద దాడులకు ఆ నకిలీ అడ్రసులే ఊపిరి. ఆపేవారికి నేరుగా దక్కేది ఏమీ లేదు కాబట్టి నేటికీ అది అందరూ చేసే పని కాలేదు.

మూడోది గుప్తలేఖన శాస్త్రజ్ఞుల దారి. బీబీఎన్ సంస్థకు చెందిన స్టీఫెన్ కెంట్ బృందం 2000లో ఎస్-బీజీపీ ప్రతిపాదించింది. ప్రతి ఏఎస్ తాను చెప్పే మాట మీద సంతకం చేయాలి, తనకు ముందు చెప్పినవారి సంతకాలన్నీ సరిచూడాలి. అప్పుడు దారిలో ఒక్క పేరు కూడా ఎవరూ కల్పించలేరు. దాని వారసురాలు బీజీపీసెక్ 2017లో ప్రమాణమైంది. ఆ ప్రమాణానికి సంపాదకులిద్దరిలో ఒకరు అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌కు చెందిన కోటికలపూడి శ్రీరామ్. శాస్త్రరీత్యా దీనిలో వేలు పెట్టి చూపడానికి పెద్దగా ఏమీ లేదు. వాడుక మాత్రం దాదాపు శూన్యం. రాబర్ట్ లిచెవ్, షారన్ గోల్డ్‌బర్గ్, మైకేల్ షపీరా 2013లోనే కారణం చెప్పారు. నెట్‌వర్కుల్లో కొన్ని మాత్రమే దీన్ని పెట్టుకుంటే, సంతకం లేని పాత మాటను కూడా వినక తప్పదు. అలాంటప్పుడు దక్కే అదనపు రక్షణ బహు స్వల్పం. రౌటర్లు కొత్తవి కొనాలి, ప్రతి మాటకూ లెక్కల భారం పెరగాలి, ఫలం మాత్రం చివరివాడు చేరాకే. ఆ పందెం ఎవరు కాస్తారు?

నాలుగోది ఆర్‌పీకేఐ. మొదట్లో చెప్పిన ట్విట్టర్ పత్రం దీనిలోనిదే. 2011 నుంచి అడ్రసులు పంచే ప్రాంతీయ రిజిస్ట్రీలు దీన్ని తెరవడం మొదలుపెట్టాయి. ఆసియా పసిఫిక్‌కు ఏపీనిక్, ఐరోపాకు రైప్, ఇలా మొత్తం అయిదు. అడ్రసుల గుంపు ఉన్న సంస్థ, దీన్ని ఫలానా ఏఎస్ మాత్రమే, ఇంత చిన్న గుంపు వరకు మాత్రమే చాటవచ్చు అని ‘రోవా’ అనే పత్రం మీద సంతకం చేయిస్తుంది. వినే రౌటర్ పక్కనున్న మామూలు సర్వర్ ఆ పత్రాలన్నీ తెచ్చుకుని సరిచూసి, ఫలితం రౌటర్‌కు అందిస్తుంది. బీజీపీ భాష మారలేదు, రౌటర్ సంతకాల లెక్కలు చేయనక్కరలేదు. ఇది రైతు పట్టాదారు పాస్‌బుక్ లాంటిది: పొలం ఎవరిదో చెబుతుంది, పొలానికి పోయే డొంక ఎటు నుంచో చెప్పదు. ఆ పరిమితే దీని బలం. పత్రం రాసుకోవడం ఒక మధ్యాహ్నపు పని. రాసుకున్న క్షణం నుంచి, సరిచూసే ప్రతి పెద్ద నెట్‌వర్క్ దగ్గరా నాకు రక్షణ. ఇంకెవరి కోసమూ ఆగనక్కరలేదు. 2019 ఫిబ్రవరిలో ఏటీ అండ్ టీ, పీర్ల నుంచి వచ్చే చెల్లని ప్రకటనలను వదిలేయడం మొదలుపెట్టింది. మిగతా పెద్దవి ఒక్కొక్కటే అదే బాట పట్టాయి. 2024 మే నాటికి ప్రపంచంలోని ఐపీవీ4 దారుల్లో సగానికి పైగా పత్రాలు వచ్చాయి. పదమూడేళ్లు పట్టింది. ఈ రంగం చరిత్రలో ఇంతకన్నా పెద్ద విజయం మరొకటి లేదు.

డొంక సంగతి చెప్పదన్నాను కదా, దొంగలు సరిగ్గా అక్కడే దూరారు. 2022 ఆగస్టులో సెలర్ అనే క్రిప్టో వంతెన మీద దాడి చేసినవారు అమెజాన్ అడ్రసులను తమవి అనలేదు. అమెజాన్ మా వెనకే ఉంది అన్నారు. దారి చివర అమెజాన్ ఏఎస్ సంఖ్యను తామే అతికించి 256 అడ్రసుల గుంపును చాటారు. రౌటింగ్ రిజిస్ట్రీలో తప్పుడు నమోదు కూడా చేసి పెట్టుకున్నారు. అమెజాన్ పత్రం ఆ అడ్రసులున్న పెద్ద గుంపును 256 వరకు ముక్కలు చేసి చాటేందుకు అనుమతి ఇచ్చి ఉంది కాబట్టి ఆర్‌పీకేఐ దృష్టిలో ఆ ప్రకటన చెల్లుబాటే. నిజంగా చాటే గుంపులకు మాత్రమే పత్రం రాసుకోండి, ఎందుకైనా మంచిదని వదులుగా రాయకండి అని ఆ అక్టోబరులో ఇంజినీర్ల ప్రామాణిక సంస్థ సలహా పత్రం ఇచ్చింది. మన దగ్గర రోవాలు రాసే నిర్వాహకులు ముందుగా చదవవలసింది ఆ పత్రమే. చాలా చోట్ల వదులు సెట్టింగే అలవాటైపోయింది.

ఆర్‌పీకేఐ మీద మరో విమర్శ ఉంది, నేను దాన్ని తీవ్రంగానే తీసుకుంటాను. ఎవరి పెత్తనమూ లేని రౌటింగ్‌కు ఇప్పుడు అయిదు రిజిస్ట్రీలు మూలస్తంభాలయ్యాయి. సంతకం ఇచ్చే చేయి రద్దు కూడా చేయగలదు. 2011 నవంబరులో ఒక నేర దర్యాప్తులో డచ్ పోలీసులు రైప్ సంస్థకు కొన్ని అడ్రసుల నమోదును స్తంభింపజేయమని ఆదేశం ఇచ్చారు. రైప్ తర్వాత కోర్టుకెక్కింది. రిజిస్ట్రీ తప్పు చేసినా, ప్రభుత్వాల ఒత్తిడికి లొంగినా ఒక నెట్‌వర్క్‌ను ఎలా మాయం చేయవచ్చో 2013లో బోస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు విడమరిచి రాశారు. నిజంగా జరిగినది మాత్రం ఇంతకన్నా సాదాగా ఉంది. 2024 జనవరి 3న స్పెయిన్‌లోని ఆరెంజ్ సంస్థకు రైప్‌లో ఉన్న ఖాతాలోకి ఒక ఆగంతకుడు చొరబడ్డాడు. పాస్‌వర్డ్ ‘రైప్‌అడ్మిన్’. రెండో అంచె ధ్రువీకరణ లేదు. లోపలికి వెళ్ళి తప్పుడు ఏఎస్ పేరుతో పత్రాలు రాశాడు. ఆరెంజ్ చాటే సిసలైన దారులు ఒక్కసారిగా చెల్లనివయ్యాయి. ఆర్‌పీకేఐని శ్రద్ధగా పాటించే నెట్‌వర్కులన్నీ వాటిని వదిలేశాయి. స్పెయిన్‌లో ఎందరికో కొన్ని గంటలు ఇంటర్నెట్ లేదు. రైప్ ఆ తర్వాత రెండంచెల ధ్రువీకరణను తప్పనిసరి చేసింది. ఈ ఘటన చూపి ఆర్‌పీకేఐ వద్దనేవారితో నేను ఏకీభవించను. కానీ రౌటర్ గదికి కాపలా పెట్టి రిజిస్ట్రీ ఖాతా పాస్‌వర్డ్‌ను గాలికొదిలే సంస్థలు ఇంకా ఉన్నాయి. ఆ ఖాతా ఇప్పుడు రౌటర్ కన్నా విలువైనది.

హైజాక్ కన్నా ఎక్కువగా జరిగేది లీక్. గావో, రెక్స్‌ఫర్డ్ చెప్పిన మర్యాద తప్పడమే లీక్. ప్రొవైడర్ నుంచి విన్న దారిని ఇంకో ప్రొవైడర్‌కు చెప్పేయడం. అడ్రసు యజమాని పేరు సరిగానే ఉంటుంది కాబట్టి రోవా దీన్ని పట్టలేదు. 2019 జూన్ 24న అమెరికాలో ఒక ఉక్కు కంపెనీ నెట్‌వర్క్, రెండు ప్రొవైడర్ల మధ్య ఇలాగే దారి అయిపోయింది. ఆ ఇద్దరిలో ఒకటైన వెరైజన్ వడకట్టకుండా ఆ మాటను లోకానికి అందించింది. క్లౌడ్‌ఫ్లేర్ సహా ఎన్నో సేవల ట్రాఫిక్ ఆ కంపెనీ సన్నటి లింకులోకి పోటెత్తింది. లీక్‌లకు నిర్వచనం, రకాలు తేల్చిన 2016 నాటి పత్రానికి మొదటి రచయిత కూడా శ్రీరామే. ఏది లీక్ అన్నదే ఎవరికి వారు వేరుగా చెప్పే కాలంలో ఆ వర్గీకరణ ఎంత అవసరమో తర్వాతి పనిలో కనిపిస్తుంది. 2022లో వచ్చిన ప్రమాణం ప్రకారం, ఇద్దరు పొరుగువారు కనెక్షన్ మొదట్లోనే నువ్వు ఖాతాదారు, నేను ప్రొవైడర్ అని రౌటర్ల చేత చెప్పించుకుంటారు. కిందికి దిగిన దారి మళ్ళీ పైకి ఎక్కకుండా దానిపై ఒక గుర్తు వేస్తారు. ఇద్దరు చాలు, లోకం ఒప్పుకోనక్కరలేదు.

దీనికి తోడు ‘ఆస్పా’ అనే పత్రం వస్తోంది. నా ప్రొవైడర్లు వీరే అని ఏఎస్ సంతకం చేసి ప్రకటిస్తుంది. దారిలో ఆ జాబితాకు పొసగని అడుగు కనిపిస్తే వినేవారు అనుమానించవచ్చు. లీక్‌లను పడుతుంది, సెలర్ దాడి లాంటి అతికింపులనూ చాలా వరకు పడుతుంది. ఆర్‌పీకేఐ పునాది మీదే నిలుస్తుంది, బీజీపీ భాషను మార్చదు, రాసుకున్నవారికి ముందు మేలు చేస్తుంది. బీజీపీసెక్ చేయలేనిది ఇది చేస్తుందని నేను నమ్ముతున్నాను. ఎవరి దగ్గర ఎవరు ట్రాన్సిట్ కొంటున్నారో బయటపెట్టడానికి కొన్ని సంస్థలు వెనకాడతాయి, అది నిజం. కానీ రౌటింగ్ టేబుళ్లు చూడటం వచ్చినవారికి ఆ సంగతి ఎప్పుడో తెలుసు.

మొత్తం కొత్తగా కట్టాలనేవారూ ఉన్నారు. జ్యూరిక్ ఈటీహెచ్‌లో ఏడ్రియన్ పెరిగ్ బృందం తయారుచేసిన ‘సయాన్’లో పంపేవారే తమ ప్యాకెట్ దారిని ఎంచుకుంటారు. స్విట్జర్లాండ్ బ్యాంకుల మధ్య చెల్లింపుల నెట్‌వర్క్ 2021 నుంచి దాని మీద నడుస్తోంది. పరిమిత సభ్యులుండి, ఖర్చు పెట్టగలిగే చోట అది చక్కటి పరిష్కారం. మొత్తం ఇంటర్నెట్ దానికి మారుతుందనే ఆశ నాకు లేదు.

ప్రభుత్వాలు ఆలస్యంగా మేల్కొన్నాయి. 2024 సెప్టెంబరులో వైట్‌హౌస్ రౌటింగ్ భద్రత మీద కార్యాచరణ పత్రం విడుదల చేసి, ఫెడరల్ సంస్థలు ముందు తమ అడ్రసులకు రోవాలు రాసుకోవాలని చెప్పింది. ఉపదేశం కన్నా ఆచరణతో మొదలుపెట్టడం నాకు నచ్చింది. మన దేశంలో అడ్రసుల పంపకం నిక్సీ కింద పనిచేసే ‘ఇరిన్’ చూస్తుంది. నిక్సీ కూడలి ఒకటి హైదరాబాద్‌లో ఉంది. ఇక్కడి రెండు సంస్థల మధ్య ట్రాఫిక్ ముంబయి, చెన్నైలు తిరిగి రాకుండా ఇక్కడే చేతులు మారేందుకే అలాంటి కూడళ్లు. తెలుగు రాష్ట్రాల్లో సొంత ఏఎస్ నంబరున్న స్థానిక ఇంటర్నెట్ ప్రొవైడర్లు, విద్యాసంస్థలు, డేటా సెంటర్లు చాలానే ఉన్నాయి. వాటి నిర్వాహకులు ఈ వారం చేయగలిగిన పనులు ఉన్నాయి. చాటే ప్రతి గుంపుకూ కచ్చితమైన రోవా రాసుకోవచ్చు. రిజిస్ట్రీ ఖాతాకు రెండో అంచె పెట్టుకోవచ్చు. ఖాతాదార్ల నుంచి వచ్చే ప్రకటనలను, నకిలీ సోర్స్ అడ్రసులను వడకట్టవచ్చు. రాష్ట్ర ప్రభుత్వాలు, బ్యాంకులు బ్యాండ్‌విడ్త్ కొనే టెండర్లలో వేగం, ధర, అంతరాయం మీద జరిమానా రాస్తాయి. చెల్లని ప్రకటనలను వదిలేసే ప్రొవైడరే కావాలన్న ఒక్క షరతు అందులో చేర్చడానికి చట్టం మారనక్కరలేదు. ప్రొవైడర్ ఫిల్టర్ పెట్టినందుకు దక్కనిది, టెండర్ దక్కడం రూపంలో అప్పుడు దక్కుతుంది.